ముసలాయనకు చెప్పిన అబద్ధం

మాన్సా ఆదివారం చర్చికి వెళ్ళి వచ్చేసరికి ఆవిడ కంప్యూటర్‌కి పడుచుదనం వచ్చింది. పొద్దున తెర మీద ఏ బొమ్మ ఎక్కడ వదిలి వెళ్ళిందో మధ్యాహ్నానికి అది అక్కడ లేదు. తలగుడ్డ కూడా విప్పకుండా షాపు గుమ్మంలోనే నిలబడి, "ఎవరి కొంపకొచ్చాన్రా నేను?" అంది.

కుర్చీలో కూర్చున్న ఎబో వెనక్కి తిరిగి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. అతను మాన్సా అక్క కొడుకు. హైస్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. నలభై ఏళ్ళ మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. కానీ ఎవరి కంప్యూటరైనా పాతబడిందని తెలిస్తే అతని చేతులు ఊరుకోవు. అడిగినా అడక్కపోయినా బాగుచేసి పెడతాడు.

"కొత్త సిస్టమ్ వేశాను పిన్నీ. ఇక చూసుకో, గుర్రంలా పరిగెడుతుంది."

"పరిగెత్తి ఎక్కడికి పోవాలిరా? నా బేరమంతా పోయినవాళ్ళతో. వాళ్ళకేం తొందర?"

ఆ మాట నిజమే. సముద్రం ఒడ్డున సాల్ట్‌పాండ్‌లో లారీ స్టేషన్ ఎదురుగా 'దేవుడి వేళే మంచి వేళ' అని బోర్డు కట్టుకున్న ఆ ఇరుకు షాపులో మాన్సా ఇరవై ఏళ్ళుగా వేసేవి చావు పోస్టర్లు. ఆ ఊళ్ళో మనిషి ఊపిరి పోవడం సగం చావే. గోడ మీద పోస్టర్ పడితేగానీ మిగతా సగం పూర్తికాదు. పైన నవ్వుతున్న ఫొటో, దాని కింద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, వయసు. ఆ కింద ఉంటుంది అసలు సంగతి, ఏడ్చేవాళ్ళ జాబితా. వంశపెద్ద, అక్కచెల్లెళ్ళు, పిల్లలు, మేనల్లుళ్ళు, మనవలు, మునిమనవలు, ఒక్కొక్కరి పేరు పక్కన లండన్, ఇటలీ, టకోరాడి అని ఊళ్ళు. విందులో ముక్క తక్కువైతే జనం రెండు రోజులు గొణిగి ఊరుకుంటారు. పోస్టర్‌లో పేరు ఒక్క వరస కిందికి దిగిందంటే మూడు తరాలు మాటలుండవు.

ఈ పనికి మాన్సా దగ్గరున్నది ఒకే ఒక్క ప్రోగ్రాం. కేప్‌కోస్ట్‌లో అబాకా అనే ఆయన చావు పోస్టర్ల కోసమే కూర్చుని రాసి, డిస్కులో పెట్టి ఇచ్చాడు. దానికి ఆయన ఏదో గంభీరమైన పేరే పెట్టాడు గానీ మాన్సా నోట అది 'ముసలాయన'గా స్థిరపడిపోయింది. ముసలాయన కడుపులో ఊళ్ళోని నూట నలభై వంశాలున్నాయి. ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్ళ కిందటి పోస్టర్ తెరిచి, ఏడ్చేవాళ్ళలో ఆ మనిషి పేరు మీద నొక్కితే చాలు. పేరు జాబితాలోంచి లేచి ఫొటో కిందికి వెళ్ళి కూర్చుంటుంది, మిగిలినవాళ్ళు తలో మెట్టు పైకి జరుగుతారు. "చావంటే అంతేనమ్మా, కింద వరసలోంచి పై వరసకి" అని మాన్సా వేదాంతం చెబుతూ ఉంటుంది.

అలవాటు చొప్పున మాన్సా ఇప్పుడు ముసలాయన మీద నొక్కింది. బూడిదరంగు పెట్టె ఒకటి పైకొచ్చింది. ఈ ప్రోగ్రాం ఈ కంప్యూటర్‌లో నడవదు, తయారుచేసినవారిని సంప్రదించండి అని రాసి ఉంది.

"సంప్రదించు," అంది మాన్సా.

"ఎవర్ని?"

"అబాకా గారిని. కేప్‌కోస్ట్ శ్మశానం, గేటు దాటగానే ఎడం పక్క రెండో సమాధి. ఆయన పోస్టర్ వేసింది కూడా ఈ ముసలాయనే."

ఎబో నవ్వులో పళ్ళు కొన్ని లోపలికి పోయాయి. "పాత సిస్టమ్ తిరిగి పెట్టెయ్యరా" అంటే, శుభ్రంగా ఉంటుందని దాన్ని ఆనవాలు లేకుండా తుడిచేశానన్నాడు. వంశాల ఫైళ్ళు మాత్రం భద్రంగా దాచాడట.

"ఫైళ్ళున్నాయి, తెరిచే దిక్కు లేదు. తాళంచెవి నూతిలో పారేసి, బీరువా బాగానే ఉంది పిన్నీ అంటున్నావు."

"రెండు రోజులు టైమివ్వు పిన్నీ."

రెండు రోజులు ఎవరిస్తారు? సోమవారం పొద్దున్నే బెంట్సిల్ ఇంటివాళ్ళు దిగారు.

ముందు వంశపెద్ద కోబినా బెంట్సిల్, వెనక ఆయన చెల్లెలు, ఇద్దరు మేనల్లుళ్ళు. కోబినాకి డెబ్భై ఆరు. నడక నెమ్మదే గానీ ఎక్కడికెళ్ళినా తనకంటే ముందు తన పెద్దరికం లోపలికొస్తుంది. కుడిపక్క నుంచి మొదలుపెట్టి అందరితో చెయ్యి కలిపి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు వచ్చిన పని చెప్పాడు. ఆయన అక్క ఎసాబా, కాల్చిన చేపలమ్మే ఎసాబా, మార్చి పన్నెండున పోయింది. అది మంగళవారం, సముద్రం మీదికి ఎవరూ వెళ్ళని రోజు. బేరం చెడకుండా చూసుకుని మరీ పోయిందని బజారంతా మెచ్చుకుంది. వచ్చే వారం కాక పై శనివారం అంత్యక్రియలు.

"పోస్టర్లు ఈ గురువారం సాయంత్రానికి గోడల మీద ఉండాలి," అన్నాడు కోబినా. "శనివారం ఇంకోళ్ళ చావుకి అక్రా నుంచి రెండు బస్సుల జనం వస్తున్నారు. వాళ్ళు చూసి వెళ్ళాలి."

"అలాగే పెద్దయ్యా. జాబితా తెచ్చారా?"

"జాబితా ఎందుకమ్మా? పదకొండేళ్ళ కింద మా మేనమామ పోయినప్పుడు వేశావే, అదే వరస. ఒక్క పేరు కదలడానికి వీల్లేదు. ఆ వరస తేల్చడానికి మూడు పంచాయితీలు పెట్టాం. పెద్దల పేర నేల మీద పన్నెండు సీసాల ష్నాప్స్ సారా ఒలికింది."

"ఏడు నెలలు మామయ్య మార్చురీ ఫ్రిజ్‌లోనే ఉన్నాడు," అంది చెల్లెలు, అదేదో ఆయన కోరుకున్న విశ్రాంతి అన్నట్టు.

"ఆ పోస్టర్ ఇంట్లో ఒకటైనా ఉంటే..."

"చెదలు తినేశాయి. నీ దగ్గరుందిగా!" కోబినా చేతికర్ర నేలకు తాటించాడు. "లేదంటే ఇప్పుడే చెప్పు. ఎదురుగా ఫీఫీ ఉన్నాడు. రంగులు బాగా వేస్తాడట."

రోడ్డుకి అవతల ఫీఫీ షాపు. అద్దాల తలుపు, చల్లగాలి యంత్రం, గోడంత తెర. బెంట్సిల్ వాళ్ళు ఆ రోడ్డు దాటారంటే మిగతా నూట ముప్ఫై తొమ్మిది వంశాలూ వెనకాలే దాటతాయని మాన్సాకి తెలుసు. ఎవరూ ఆవిడ మొహం చూసి రావడం లేదు, వరస ఆవిడ దగ్గర భద్రంగా ఉందని వస్తున్నారు. ఆ వరస లేకపోతే 'దేవుడి వేళే మంచి వేళ' బోర్డు దింపి, మొక్కజొన్న ముద్దలుడికించే కెంకీ పొయ్యి పెట్టుకోవాల్సిందే. యాభై ఏడేళ్ళ వయసులో పిండి పిసకడం కొత్తగా నేర్చుకోవాలి.

"గురువారానికి ఉంటాయి పెద్దయ్యా," అంది.

మంగళవారం స్కూల్లో సెలవు పెట్టి ఎబో వచ్చాడు. అబాకా డిస్కు అట్టపెట్టెలోంచి తీసి, చొక్కా అంచుతో తుడిచి, ముసలాయన్ని మళ్ళీ మొదటినుంచీ ఎక్కించాడు. మళ్ళీ అదే బూడిదరంగు పెట్టె.

"ఇప్పుడు ముసలాయన మీద కుడి బొత్తాం నొక్కుతాను చూడు. ఇక్కడ ఒక గడి ఉంది. దీన్లో టిక్కు పెడితే కంప్యూటర్ తను కొత్తదాన్నన్న సంగతి దాచిపెట్టి, పాతదానిలా నటిస్తుంది."

"అంటే ముసలాయనకి అబద్ధం చెబుతుందన్నమాట."

"మర్యాదకోసం చెప్పే అబద్ధం పిన్నీ. మా తాతకి మేం ఇప్పటికీ ఆయన పడవ అమ్మలేదనే చెబుతాం కదా, అలాంటిది."

ఈసారి ముసలాయన కళ్ళు తెరిచాడు. తెర మీద కిటికీ ఒకటి మెరిసి, మళ్ళీ మూసుకుపోయింది. ఎబో ఇంకో గడిలో టిక్కు పెట్టాడు. ఈ ప్రోగ్రాంకి ఇంటి యజమాని అధికారాలన్నీ ఇస్తున్నానన్నాడు. కిటికీ తెరుచుకుని నిలబడింది. మాన్సా చేతులు జోడించేలోపు మధ్యలో ఇంకో పెట్టె: రహస్య సంఖ్య వేయండి.

"అదేంటి పిన్నీ?"

మాన్సా నీరసంగా స్టూలు మీద కూర్చుంది. "అబాకా గారే వచ్చి వేసేవాడురా. వేసేటప్పుడు ఎడం చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు, పరీక్షలో పక్కవాడు చూస్తాడేమోనని పిల్లలు పెట్టుకున్నట్టు. ఒకసారి వేస్తే చాలు, మళ్ళీ అడగదు. నువ్వు తుడిచినదాంట్లో అది కూడా పోయింది."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. రహస్యం ఆయనతోనే కేప్‌కోస్ట్ మట్టిలోకి వెళ్ళిపోయింది. ఎబో గడ్డం గోక్కుంటూ డిస్కు అట్ట మీది సన్నక్షరాలు చదివాడు. రెండుసార్లు చదివాడు. మొహం వెలిగింది.

"పిన్నీ! సంఖ్య వెయ్యకపోయినా ఇది 2008 చివరిదాకా నడుస్తుందట. మచ్చుకి వాడి చూడండని ఇచ్చిన గడువు."

"అది దాటి పదహారేళ్ళయిందిరా తండ్రీ."

"మనకి. కంప్యూటర్‌కి ఎవరు చెప్పారు?"

ఇంటర్నెట్ తీగ పీకేశాడు, లేకపోతే అది బయట ఎవరినో అడిగి అసలు తేదీ తెలుసుకుంటుందట. తర్వాత కంప్యూటర్ గడియారం పట్టుకుని వెనక్కి తిప్పాడు. 2008 జూన్. ముసలాయన మీద నొక్కాడు. మట్టిరంగు కిటికీ, వంకర బొత్తాలు, పైన అబాకా స్వయంగా గీసిన పావురం. అది పావురమో కోడిపెట్టో ఎప్పుడూ ఎవరికీ తేలలేదు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వంశాల చిట్టా తెరిస్తే నూట నలభై పేర్లూ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి.

మాన్సాకి నిజంగా ఏడుపొచ్చింది. పొయ్యేకాలం వచ్చిందనుకున్న మనిషి లేచి కూర్చుని అన్నమడిగితే వచ్చే ఏడుపు అది. ఎబో వీపు మీద ఒకటి చరిచింది, ముద్దుగానే గానీ గట్టిగా.

"2008లో నా మోకాళ్ళు ఎంత బాగుండేవిరా! వాటిక్కూడా ఏదైనా గడిలో టిక్కు పెట్టకూడదూ?"

"పోస్టర్ పని అయిపోయాక తేదీ ముందుకి జరపడం మర్చిపోకు పిన్నీ," అని చెప్పి ఎబో కెంకీ, వేయించిన చేప తిని, నెగ్గిన మొహంతో వెళ్ళిపోయాడు.

మర్నాడు మాన్సా బెంట్సిల్ వంశం తెరిచి, ఎసాబా పేరు మీద నొక్కింది. పేరు ఠక్కున లేచి పైకి వెళ్ళింది. ఏ రోజు, ఏ నెల అని ముసలాయన అడిగాడు. పన్నెండు, మార్చి అని కొట్టింది. ఏ సంవత్సరం అని ముసలాయన ఎప్పుడూ అడగడు. అబాకా పొదుపు మనిషి. పోస్టర్ వేయించేది పోయిన ఏడాదిలోనే కదా, ఆ మాత్రం కంప్యూటర్‌కే తెలుస్తుంది, మళ్ళీ మనిషినెందుకు అడగడం అన్నది ఆయన లెక్క. సంవత్సరమూ, దాన్నుంచి వయసూ ముసలాయనే చూసుకుని అచ్చు వేసేస్తాడు. కంప్యూటర్‌కి ఏ సంవత్సరమని తెలుసో మీకూ తెలుసు. మాన్సాకే ఆ క్షణంలో తట్టలేదు. ఆవిడ ప్రాణమంతా వరస మీదుంది.

ఆ మధ్యాహ్నం నమూనా చూడ్డానికి బెంట్సిల్ ఇంటినుంచి తొమ్మిదిమంది వచ్చారు. మాన్సా దాన్ని గోడకి అంటించింది. తొమ్మిది చూపుడువేళ్ళు ఒకేసారి గోడ మీద పడ్డాయి.

"మూడో వరసలో నేనేనా? ఆ, నేనే."

"నా పేరు పక్కన డాక్టర్ ఏదీ?"

"నువ్వు పళ్ళ డాక్టర్ దగ్గర గుమాస్తావి కదరా!"

"ఎక్కడున్నా డాక్టర్ దగ్గరే ఉన్నాను కదా!"

"ఇటలీవాడు రెండేళ్ళ కిందే జర్మనీ వెళ్ళిపోయాడు. మార్చండి, లేకపోతే ఫోన్లో దుమ్మెత్తిపోస్తాడు."

చెల్లెలు తన పేరు కింద వేలు పెట్టి, అక్షరాలు పక్క పేరు కంటే సన్నగా ఉన్నాయేమోనని అరచేత్తో కొలిచింది. కోబినా మాత్రం హుందాగా వెనక నిలబడి, అందరూ అయ్యాక ముందుకొచ్చి, జాబితాలో అన్నిటికంటే పైనున్న పేరు చూసి తల పంకించాడు. అది ఆయనదే. ఇటలీ జర్మనీ అయింది. డాక్టర్ మాత్రం డాక్టర్ కాలేదు. తొమ్మిదిమందీ నమూనా కింద సంతకాలు పెట్టారు. పైన ఫొటోలో ఎసాబా తలగుడ్డ ఓరగా కట్టుకుని నవ్వుతూనే ఉంది.

నూట ఎనభై పోస్టర్లు గురువారం సాయంత్రానికి గోడలకీ, కరెంటు స్తంభాలకీ, చేపల బజారు తడికలకీ ఎక్కాయి. ఆ రాత్రి మాన్సా నెలరోజుల నిద్ర ఒక్కసారే పోయింది.

శుక్రవారం ఇంకా షట్టరు సగమే ఎత్తింది, దాని కిందనుంచి ఒక పోస్టర్ లోపలికొచ్చింది. దాని వెనకాల వంగి ఒకావిడ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, ఒంటినిండా పొగ వాసన. తవియా. చేపల బజారులో ఎసాబా పక్క బల్ల. నలభై ఏళ్ళు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, ఒకరి బేరం ఒకరు చెడగొట్టుకుంటూ, మధ్యాహ్నమైతే ఒకే ఆకులో తిన్నారు. బంధువు కాదు కాబట్టి తవియా పేరు జాబితాలో లేదు.

"ఏమే మాన్సా, నేను దయ్యంతో తిన్నానంటావా?"

"కూర్చో పెద్దమ్మా, ఏమైంది?"

"నాకు అక్షరాలు రావు. అంకెల్లో మాత్రం దేవుడొచ్చి దిగినా నన్ను మోసం చెయ్యలేడు. ఇదిగో, ఇక్కడ." ఎసాబా పేరు కింద తవియా నల్లటి వేలు ఆనింది. "రెండు, సున్నా, సున్నా, ఎనిమిది. ఎసాబా 2008లో పోయిందా? మరి ఈ పదహారేళ్ళూ నా కెంకీలో సగం తిన్నదెవరే? మొన్న మార్చిలో నా తూకంరాయి తీసుకెళ్ళి ఇప్పటిదాకా ఇవ్వనిదెవరే?"

మాన్సా పోస్టర్ చేతిలోకి తీసుకుంది. 2008 మార్చి 12. వయసు 68. అక్షరాలు పెద్దవి, నల్లవి, వంకరటింకర లేకుండా తీరుగా అచ్చయ్యాయి. ఎబో చెప్పిన అబద్ధం ముసలాయన ఒక్కడే నమ్మాడనుకుంది. ఆయన నమ్మి, ఊరందరికీ చెప్పేశాడు.

"ఊళ్ళో ఏమంటున్నారో తెలుసా?" తవియా ఆగలేదు. "బెంట్సిల్ వాళ్ళు మామని ఏడు నెలలు ఫ్రిజ్‌లో పెట్టారు, ఎసాబాని పదహారేళ్ళు పెట్టారంటున్నారు. వరస తేలలేదట. లారీ డ్రైవర్లు పడీపడీ నవ్వుతున్నారు. టకోరాడి నుంచి ఎవరో ఫోన్ చేసి, అరవై ఎనిమిదికే పోయిందంటే అర్ధాయుష్షు చావు కదా, నిండు బతుక్కి కట్టే తెలుపు కట్టాలా, ఎరుపు కట్టాలా అని అడిగార్ట."

బయట చేతికర్ర చప్పుడైంది. కోబినా షట్టరు కింద వంగడు. అది పూర్తిగా లేచేదాకా నిలబడి అప్పుడు లోపలికొచ్చాడు. వెనక చెల్లెలు, నమూనా మీద సంతకం పెట్టిన మిగతావాళ్ళు. ఈసారి ఎవరితోనూ చెయ్యి కలపలేదు. అక్కడ అంతకంటే పెద్ద తిట్టు లేదు.

"నా అక్కని ఊరు ముందు నవ్వులపాలు చేశావు," అన్నాడు. "నేను ఫీఫీ దగ్గరికెళ్తున్నా. నీకు చెప్పి వెళ్ళడం మర్యాదని ఆగాను."

"వెళ్ళేముందు ఒక్క మాటన్నయ్యా," అంది చెల్లెలు. "అక్క అరవై ఎనిమిదైతే నాకు యాభై ఎనిమిదే అవుతుంది. ఆ ఒక్కటీ అలా ఉంచెయ్యకూడదూ?"

ఎవరూ నవ్వలేదు. నవ్వాలని మాత్రం ఇద్దరు ముగ్గురు పెదవులు కొరుక్కున్నారు.

మాన్సాకి నోట్లోదాకా వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. ఎబో చేశాడనొచ్చు, కంప్యూటర్ చేసిందనొచ్చు, పోయిన అబాకా చేశాడనొచ్చు. పోయినవాళ్ళు ఎదురు చెప్పరు కూడా. కానీ తవియా వేలు ఇంకా ఆ అంకె మీదే ఉంది, దాన్ని చూస్తూ అబద్ధమాడటం మాన్సావల్ల కాలేదు.

"తప్పు నాదే పెద్దయ్యా. మీ వరస ఉన్న ప్రోగ్రాం ముసలిదైపోయింది. కొత్త కంప్యూటర్‌లో నడవనంది. మీరు ఫీఫీ దగ్గరికి పోతారని భయమేసి, ఇది 2008 అని దానికి అబద్ధం చెప్పి నడిపించాను. అది ఆ సంవత్సరమే అచ్చు వేసింది. వేశాక నేను చూసుకోవాలి. చూశాను కూడా. పేర్ల వరస నాలుగుసార్లు చూశాను. ఆవిడ తేదీ వైపు కన్నెత్తలేదు."

"చూడలేదట!" కోబినా కర్ర తాటించాడు. "అన్నిటికంటే పైనున్నది చూడలేదట!"

"నువ్వు చూశావా?" అంది తవియా.

అందరి తలలూ ఆవిడ వైపు తిరిగాయి. చేపలమ్మే మనిషి వంశపెద్దని నువ్వు అనడం ఒకటి, అడిగింది మరొకటి.

"తొమ్మిదిమంది చదివారటగా. తొమ్మిది సంతకాలటగా. ఒక్కళ్ళకైనా కనబడలేదా? నా పేరు అందులో లేదు కోబినా. వెతుక్కోవడానికి నాకేం లేదు, అందుకని దాన్నే చూశాను."

కోబినా అటూ ఇటూ చూశాడు. పళ్ళ డాక్టర్ గుమాస్తా నేల చూస్తున్నాడు. చెల్లెలు తలగుడ్డ సర్దుకుంటోంది. కోబినా మెల్లగా స్టూలు మీద కూర్చుని, కర్ర రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"నేనూ చూడలేదు," అన్నాడు చివరికి. "పైనుంచి కిందకి చదవాల్సింది. నా పేరు దగ్గర మొదలుపెట్టాను."

చిన్నప్పుడు అక్క ఆయన్ని వీపున కట్టుకుని చేపలమ్మేదట. ఆ మాట ఆయన గట్టిగా చెప్పలేదు, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. అందరికీ వినిపించింది.

"రేపు బస్సులు దిగుతాయి. ఏం చెయ్యగలవు అమ్మాయ్?"

తేదీ సరిచేస్తే ముసలాయన తెరుచుకోడు, ముసలాయన తెరుచుకోకపోతే పోస్టర్ మళ్ళీ వెయ్యడం కుదరదు. మాన్సా లేచి, కంప్యూటర్ గడియారాన్ని తన చేత్తోనే 2024కి జరిపేసింది. మట్టిరంగు కిటికీ మూసుకుపోయింది. ఎబో వేసి వెళ్ళిన కొత్త సిస్టమ్‌లో మామూలు ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాం తెరిచి, ఒక్కొక్క వేలితో కొట్టింది: 2024 మార్చి 12. వయసు 84. కింద ఇంకేం లేదు. దాన్నే నూట ఎనభైసార్లు అచ్చు వేసి, కత్తెరతో చీటీలుగా కోసింది.

"ఇవి పాత అంకెల మీద అంటించాలి. కానీ ఒక్కరోజులో నూట ఎనభై చోట్లకి..."

"తొమ్మిదిమందికి తలో ఇరవై," అన్నాడు కోబినా. "సంతకం పెట్టినవాళ్ళే తిరగాలి. మొదటి ఇరవై నాకివ్వు."

"అన్నయ్యా, నీ మోకాళ్ళు!"

"నీకు యాభై ఎనిమిదే కదా, నువ్వు కొండ మీద వీధులు తీసుకో."

ఆ రోజు సాల్ట్‌పాండ్ జనం చూసిన వింత అది. ఎండలో వంశపెద్ద గంజి గిన్నె పట్టుకుని గోడ గోడకీ వెళ్ళి, అక్క మొహం ఎదురుగా నిలబడి, చీటీ అంటించి, అరచేత్తో ఒత్తి, మళ్ళీ నడిచాడు. మొదట నవ్విన లారీ డ్రైవర్లే మూడో స్తంభం దగ్గర ఆయనకి నిచ్చెన పట్టుకున్నారు. గుమాస్తా ఇరవై అంటించి, ఇంకో పది అడిగి తీసుకున్నాడు. శనివారం అక్రా బస్సులు వచ్చేసరికి ఒక్క తడిక మీద కూడా ఎసాబా అరవై ఎనిమిదికి పోలేదు.

అంత్యక్రియలు తెల్లబట్టల్లోనే జరిగాయి. ఆ తర్వాత సోమవారం నుంచి మాన్సా షాపులో కూర్చుని, ముసలాయన్ని ఒక పక్క 2008లో లేపి, ఆయన కడుపులోని వంశాలని ఒక్కొక్కటే పుస్తకంలోకి ఎత్తి రాసుకుంటోంది. రోజుకి రెండు వంశాలు. ఎబో బడి అయిపోగానే వచ్చి, వాటిని కొత్త ప్రోగ్రాంలోకి ఎక్కిస్తున్నాడు. తప్పుకి శిక్ష అని మాన్సా అంది గానీ, అతను అడక్కుండానే మొదలుపెట్టాడు. పదోది రాస్తుండగా కోబినా వచ్చాడు. వచ్చినవాడు రోడ్డు అవతలినుంచి వచ్చాడు. మాన్సా కలం పక్కన పెట్టేసింది.

ఆయన కుడిపక్క నుంచి అందరితో చెయ్యి కలిపాడు. షాపులో ఉన్నది ఒక్క మాన్సాయే అయినా.

"ఫీఫీ దగ్గరికెళ్ళాను. వచ్చినవాళ్ళకి కృతజ్ఞతల పోస్టర్ వెయ్యాలి కదా. పేర్ల వరస ఏదీ అన్నాడు. వరస వద్దన్నాను. వరస లేకుండా పోస్టరేంటని నన్ను చూసి నవ్వాడు. వాడికి తెలీదు, నీకు తెలుసు. అక్క ఫొటో, పేరు, తేదీలు. అంతే."

"మీ పేరైనా పెద్దయ్యా?"

కోబినా రోడ్డు మీదికి చూశాడు. జనాన్ని కుక్కుకుని రెండు ట్రోట్రో వ్యాన్లు పోయాయి. ఒకమ్మాయి నెత్తిమీద నీళ్ళపొట్లాలు పెట్టుకుని పోయింది.

"చిన్నగా," అన్నాడు. "మూలకి."

దీనికి ముసలాయన అవసరం లేకపోయింది. మాన్సా కొత్త ప్రోగ్రాంలోనే కూర్చుని, అంకెలన్నీ తన వేళ్ళతో కొట్టింది. సాయంత్రానికి నమూనా వచ్చింది. దాన్ని చుట్టచుట్టి చేపల బజారుకి పట్టుకెళ్ళింది. తవియా బల్ల పక్క బల్ల ఖాళీగానే ఉంది, ఎవరూ కూర్చోకుండా దాని మీద ఒక గంప బోర్లించి ఉంది.

"చదివిపెట్టు పెద్దమ్మా. నువ్వు సరే అంటేనే వేస్తాను."

తవియా చేతులు గుడ్డకి తుడుచుకుంది. నమూనా మోకాళ్ళ మీద పరిచి, మూలనున్న పేరు వైపు చూడనైనా చూడలేదు. వేలు ఒక్కో అంకె మీద ఆపుకుంటూ నెమ్మదిగా వెళ్ళింది.

"ఎనిమిది. నాలుగు," అంది. తర్వాత ఫొటో మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది. "ఆ. ఇదే మా ఎసాబా."